నేలకు ముసలితనము గలదా? — ప్రాచీన రోము కృషిశాస్త్రజ్ఞుని సమాధానము

వెనుకటి పంటలు ఇప్పుడు లేవనియు, నేల సారము ఉడిగిపోయినదనియు రైతులు చెప్పుకొనుట ఈనాటి మాట కాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున రోము సామ్రాజ్యమునందలి భూస్వాములును ఇట్లే చెప్పుకొనుచుండిరి. స్త్రీ వయసు మీరిన పిమ్మట సంతానము కనజాలనట్లు, భూమియు బహుకాలము పంటలిచ్చి గొడ్డుపోయినదని వారి వాదము.

ఈ వాదమును ఖండించినవాడు కొలుమెల్లా. ఇతడు నేటి స్పెయిన్ దేశమునందలి కాడిజ్ పట్టణమున పుట్టి, ఇటలీలో భూములు సంపాదించి సేద్యము చేయించి, 12 భాగములుగల వ్యవసాయ గ్రంథమును లాటిన్ భాషలో రచించెను. అడవి నరికి క్రొత్తగా దున్నిన నేల మొదట విస్తారముగా పండి, పిదప తగ్గిపోవుట అందరును చూచినదే. అడవిగా నున్నంతకాలము ఏటేట రాలిన ఆకులును, గడ్డియును క్రుళ్లి ఆ నేలకు ఆహారమగుచుండెను. చెట్లు పోగానే ఆ ఆహారము నిలిచిపోయినది. కనుక నేల కృశించినది ముసలితనముచే కాదు, ఆకలిచేతనే యని కొలుమెల్లా నిర్ణయించెను. యజమానులు పట్టణములలో కూర్చుండి, పొలమును పనికిమాలిన దాసుల పాలు చేయుటయే చేటునకు మూలమనియు అతడు నిందించెను. దాస్యమే తప్పని మాత్రము అతనికి తోచలేదు. అతడు వర్ణించిన కమతములును దాసుల శ్రమతోనే నడుచునవి.

ఇక నేలకు ఆహారము పెట్టు విధము. పెంటకు రెండు గుంతలు ఉండవలెను. ఒకదానిలో క్రొత్త పెంటను వేసి ఏడాది మాగనీయవలెను. రెండవదానినుండి మాగిన ఎరువును పొలమునకు తోలవలెను. గుంత అడుగు కొంచెము వాలుగా నుండి, తడి ఇంకిపోకుండ గట్టి చేయబడవలెను. పెంట ఎల్లప్పుడు తడిగా నుండినయెడల గడ్డిలో కలిసివచ్చిన కలుపువిత్తులు అందే క్రుళ్లి నశించును. ఎండ తగులకుండ పైన తడికలు కప్పుటయు తెలిసిన రైతుల పని. ఎరువులలో పావురపు రెట్టకు అతడు మొదటి స్థానమిచ్చెను. పశువుల ఎరువులలో గాడిద లద్దె మేలట. గాడిద మెల్లగా నమలును గనుక మేత బాగుగ జీర్ణమగునని అతని హేతువు.

ఎరువు మంచిదని తెలియనివాడు లేడు. అయినను కొందరు శ్రద్ధతో పోగుచేయుదురు, కొందరు ఊరకుందురు. ఈ మాటను కొలుమెల్లాకు నాలుగు శతాబ్దములు ముందే గ్రీకు దేశపు జెనోఫోన్ గ్రహించి, రైతుకును రైతుకును భేదము తెలివిలో కాక శ్రద్ధలోనే గలదని చూపెను.

తోలవలసిన మోతాదు కూడ కొలుమెల్లా చెప్పెను. రోము కొలతలో ఒక యూగెరమునకు, అనగా సుమారు 25 గుంటల భూమికి, పలుచగా చల్లినచో 18 బండ్లు, దట్టముగా చల్లినచో 24 బండ్లు. ఒక్కసారి మితిమీరి వేయుటకంటె కొంచెము కొంచెముగా పలుమారు వేయుట మేలు. ఆ దినమున నాగళ్లు కప్పగలిగినంత మేరకే కుప్పలు విరజిమ్మవలెను. లేనిచో ఎండకు సత్తువ పోవును. ఈనాటి శాస్త్రమును దీనిని సమర్థించును. ఆరుబయట ఎండిన పెంటనుండి నత్రజని అమోనియా వాయువై ఎగిరిపోవును.

పెంట చాలనివారికి పచ్చిరొట్ట గలదు. లూపిన్ అను చిక్కుడుజాతి మొక్కను సెప్టెంబరు నడుమ బీదనేలలో చల్లి, పూత దశలో దున్నివేయుమని అతని బోధ. ఇసుక నేలలో రెండవ పూతకే, లేతగా నున్నప్పుడే కలుపవలెను. త్వరగా క్రుళ్లి మట్టిలో కలిసిపోవును. బంకనేలలో మూడవ పూతవరకు ఆగవలెను. ముదిరిన కాడ గడ్డలను ఎత్తిపట్టుటచే అవి వేసవి ఎండకు చిట్లును. అంతకు పూర్వమే మాసిడోనియా, థెస్సలీ ప్రాంతములవారు చిక్కుడును పూతమీద దున్నివేయుచుండిరని గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ వ్రాసెను. జనుము, జీలుగ చల్లి కలియదున్నెడు తెలుగు రైతునకు ఇది వింతగా తోచదు. ఈ మొక్కల వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టియిచ్చునని జర్మను శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ 1886లో ప్రకటించువరకు కారణము ఎవరికిని తెలియదు. పని మాత్రము రెండువేల ఏండ్లకు మించి సాగినది.

అతడు చెప్పినదెల్ల నిలువలేదు. క్షీణచంద్రుని దినములలో ఎరువు చల్లినచో పైరునకు కలుపు పట్టదని అతడు నమ్మెను. ఇందుకు ఆధారము లేదు.

పెంట దొరకనిచో మరియొక ఉపాయమును అతడు తన తండ్రి సోదరుడగు మార్కస్ కొలుమెల్లా సేద్యమునుండి తెలిపెను. ఆయన గులకనేలకు బంకమన్నును, గట్టి బంకనేలకు గులకను తోలించి, ధాన్యపు పైరులనే గాక ద్రాక్షతోటలను సైతము ఏపుగా పెంచెను. ద్రాక్షకు మాత్రము పెంట వేయనీయకుండెను. అది సారాయము రుచిని చెరచుననియు, ముళ్లపొదల క్రిందినుండి గాని మరియెచ్చటినుండి గాని తెచ్చిన మట్టియే మేలనియు ఆయన అభిప్రాయము.