ధాన్యములలోని మాంసకృత్తులు – రక్తపుపోటు

వరుణుని కుమారుడగు భృగువు తపస్సు చేసి, మొట్టమొదట అన్నమే బ్రహ్మమని గ్రహించెనని తైత్తిరీయోపనిషత్తు చెప్పుచున్నది. అయితే అతడు అంతటితో ఆగలేదు. మరల తండ్రికడకు పోయెను. మరల తపస్సు చేయుమని తండ్రి ఆదేశించెను. అన్నమును చులకన చేయరాదనియు, అన్నమువద్దనే ఆగిపోరాదనియు ఈ కథవలన తెలియుచున్నది. ధాన్యములలోని మాంసకృత్తులు రక్తపుపోటును తగ్గించుటకు తోడ్పడవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పు విషయమును కూడ ఈ దృష్టితోనే పరిశీలింపవలెను.

ఢిల్లీకి తూర్పున, హిండన్ నది ఒడ్డుననున్న ఘాజియాబాదు గంగాయమునల నడుమ గోధుమ పండు సీమలోనిది. 2011 వరకు ఆ జిల్లాలోనే యుండిన హాపూడ్ పట్టణమున 1913లోనే గోధుమల ముందస్తు బేరములకై వర్తకసంఘ మేర్పడినది. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములు పగలు అన్నమును, రాత్రి గోధుమరొట్టెను తినుటకు అలవాటుపడినవి. ఆవకాయ జాడీని మాత్రము విడువలేదు. అట్టి యింట ఏబది యేండ్లు దాటిన గృహస్థు, వైద్యుడు వ్రాసిచ్చిన మాత్రను చేతబట్టుకొని, “గోధుమలోనే మందున్నదట, ఇక ఇది యెందుకు?” అని యడిగినచో ఏమి చెప్పవలెను?

పోటు పెరుగు విధము

మూత్రపిండములు రెనిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. అది కాలేయమునుండి వచ్చిన ఒక మాంసకృత్తును ఖండించి, పది అమైనో ఆమ్లములు గల గొలుసును ఏర్పరచును. దీని పేరు ఆంజియోటెన్సిన్-1. అటుపిమ్మట ఏ.సి.ఇ. అను ఎంజైము ఆ గొలుసు చివరనుండి రెండు ఆమ్లములను తెంచివేయును. మిగిలిన ఎనిమిదింటి గొలుసే ఆంజియోటెన్సిన్-2. ఇది రక్తనాళములను బిగించును. శరీరమున ఉప్పును, నీటిని నిలుపును. ఈ కార్యము మితముగా సాగినంతవరకు ప్రాణరక్షకమే. మితి మీరినచో పోటు పెరుగును.

ఈ ఎంజైమును 1956లో అమెరికాలో స్కెగ్స్ మొదలగువారు కనుగొనిరి. దానిని అడ్డగించు మార్గము పామువిషమునందు దొరకినది. బ్రెజిల్ దేశపు జరరాక అను సర్పముయొక్క విషముపై ఫెరీరా అను శాస్త్రజ్ఞుడు 1965లో ప్రకటించిన పరిశోధన ఇందుకు మూలము. ఆ విషములోని పెప్టైడులు, అనగా చిన్న ఆమ్లపు గొలుసులు, చూపిన దారిని అనుసరించియే కాప్టోప్రిల్ అను మందు తయారై, 1981లో అమెరికాలో అనుమతి పొందినది.

గింజలోని గొలుసులు

అట్టి చిన్న గొలుసులు ఆహారమునందును గలవా యను ప్రశ్న తరువాత పుట్టినది. మాంసకృత్తు అనగా అమైనో ఆమ్లముల పొడవైన మాల. జీర్ణరసములచేత గాని, పులియబెట్టుటచేత గాని ఆ మాల తునిగినపుడు కొన్ని తునకలు ఏ.సి.ఇ.ని అడ్డగించునని తేలినది. మొక్కజొన్నలోని జీన్ అను మాంసకృత్తునుండి అట్టి తునకలను 1991లోను, గోధుమ మొలకభాగమునుండి 1999లోను జపాను పరిశోధకులు వేరుచేసిరి. బియ్యమునందును, ఓట్సునందును కూడ ఇట్టివి కనబడినవి. గోధుమపిండిని సాగునట్లు చేయు గ్లూటెన్‌లో ప్రోలీను అను ఆమ్లము అధికము. గొలుసు చివర ప్రోలీను ఉండుట ఈ ఎంజైమును అడ్డగించుటకు అనుకూలము.

అయినను గాజుగొట్టములో జరిగినదంతయు శరీరమున జరుగదు. ఈ తునకలలో పెక్కులు ప్రేగులలోనే మరింత తెగిపోవును. రక్తమును చేరునవి స్వల్పము. ప్రయోగశాలలో మందముగా చేసి వాడిన మోతాదు రెండు రొట్టెలలో లభింపదు. కావున “తోడ్పడవచ్చును” అను మాటలోని “వచ్చును”ను మరువరాదు.

మనుష్యులయందు కనబడినది వేరొక విధమైన సాక్ష్యము. జపాను, చైనా, బ్రిటన్, అమెరికా దేశములలో 4,680 మందిని పరిశీలించిన ఇంటర్‌మ్యాప్ అను అధ్యయనము 2006లో ఒక ఫలితమును ప్రకటించెను. మొక్కలనుండి వచ్చు మాంసకృత్తులను ఎక్కువగా తినువారికి పోటు కొంత తక్కువగా నుండెను. అమెరికాలో 164 మందిపై జరిగి 2005లో వెలువడిన మరియొక పరీక్షలో పిండిపదార్థమును కొంత తగ్గించి, ఆ స్థానమున మాంసకృత్తులను ఇచ్చిరి. వానిలో సుమారు సగము మొక్కలకు చెందినవి. అప్పుడును పోటు తగ్గెను. ఈ మేలు ఏ యొక్క తునకవలన కలిగినదో చెప్పుట కష్టము. మొత్తము భోజనమువలన కలిగినదని చెప్పుట న్యాయము.

పొట్టుతో పోయినది, ఉప్పుతో చెడినది

ఆ భోజనమును మనము రెండు విధముల పాడుచేసికొనుచున్నాము. మొదటిది మర. గోధుమను మైదాగా మార్చునపుడు మొలకభాగమును, పొట్టును తొలగింతురు. వానితో పొటాసియము, మెగ్నీషియము కూడ చాలవరకు పోవును. ఈ పాఠము మన దేశమునకు క్రొత్తది కాదు. తెల్లగా మరపట్టిన బియ్యమునకు సంబంధించిన బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న కేంద్రమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలసియున్నది.

రెండవది ఉప్పు. దినమునకు 5 గ్రాములకంటె తక్కువ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. హాపూడ్ అప్పడము, ఆంధ్రదేశపు ఆవకాయ ఒకే కంచములో చేరినపుడు ఆ హద్దు దాటుట తేలిక. గింజ చేసిన కొద్దిపాటి మేలును ఉప్పు చెరిపివేయును. ఘాజియాబాదులోని జాతీయ ఆహార ప్రయోగశాలవంటివి ఆహారపదార్థములను పరీక్షించును గాని, మన కంచములోని ఊరగాయను కొలుచువారు మనమే. పొట్లములపై సోడియము ఎంతయో ముద్రించుచున్నారు. 400 మిల్లీగ్రాముల సోడియము సుమారు ఒక గ్రాము ఉప్పుతో సమానము. ఈ లెక్క ఇంటిలో అందరును నేర్వదగినది.

కాగా ఆ గృహస్థునకు చెప్పవలసిన సమాధానమిది. పొట్టు తీయని గోధుమను, దంపుడు బియ్యమును, పప్పును తినుట మేలే. గ్లూటెన్ పడనివారు గోధుమను విడిచి రాగిని, జొన్నను గ్రహింపవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాంసకృత్తులను హెచ్చించుటకు ముందు వైద్యుని అడుగవలెను. మాత్రను మాత్రము తనంత తాను మానరాదు. రక్తపుపోటు తరచుగా ఏ బాధయు తెలియనీయకయే గుండెను, మెదడును దెబ్బతీయును. తలనొప్పి లేదు గనుక పోటు లేదని తలచుట ప్రమాదకరము. ఆహారము మారిన పిదప పోటు నిలుకడగా తగ్గినచో, మోతాదును తగ్గించువాడు వైద్యుడే.

యుక్తాహారము గలవానికి యోగము దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు బోధించెను. యుక్తమనగా తగినది. క్రొత్త ఆహారమును కంచములో చేర్చుట సులభము. ఉన్న ఊరగాయను తగ్గించుట కష్టము. ఆ కష్టమే గృహస్థునకు తపస్సు. భృగువువలె అతడును అన్నముతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు పైకి పోవలెను. శరీరమును అందుకు సాధనముగా నిలుపుకొనుట అతని మొదటి కర్తవ్యము.