రెండు విధములైన ఫోను తెరలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో నేడు తలిదండ్రులు పిల్లల చదువునకై ఫోను కొనుచున్నారు. తెర యెట్టిదని మాత్రము విచారించువారు తక్కువ. కావున ఆ భేదమును మనము తెలిసికొందము.

ద్రవస్ఫటికములను 1888లో ఆస్ట్రియా దేశీయుడగు రైనిట్జరు కనుగొనెను. ఎల్‌సీడీ తెరయందు ఇవి స్వయముగా వెలుగవు. వెనుకనున్న దీపకాంతిని కిటికీ తలుపులవలె ఆపుచు విడుచుచుండును. తలుపు మూసినను సందులనుండి వెలుగు వచ్చునుగదా! ఓఎల్‌ఈడీ పద్ధతిని 1987లో కోడాక్ సంస్థలోని టాంగు, వాన్ స్లైకు అనువారు ప్రకటించిరి. ఇందు ప్రతి చుక్కయు తానే దీపము, ఆరిన కటికచీకటి. చీకటిగదిలో నల్లని బొమ్మను తెరపై నిలిపి చూడుడు: బూడిదవన్నె తోచిన నది ఎల్‌సీడీ. నల్లని గద్వాల చీరపై జరీయంచు ఓఎల్‌ఈడీలోనే చక్కగా తేలును.

అయినను దీనికిని లోపములు కలవు. ఒకే బొమ్మ చిరకాలము నిలిచినచో ఆ చుక్కలు ముందుగా క్షీణించి మచ్చ మిగులును. నల్లని పుటలకు బ్యాటరీ మిగులును గాని, మన పాఠములు తెల్లని పుటలేకదా! వేసవి యెండలో చదువుటకు తెర జాతికన్న దాని కాంతిబలమే ముఖ్యము. పగిలినప్పుడు మార్చుటకు సాధారణముగా ఎల్‌సీడీకే వ్యయమల్పము.

కావున చదువునకు ఎల్‌సీడీ చాలునని మా యభిప్రాయము. అప్పు చేసి మెరుపు కొనుటకంటె, మిగిలిన సొమ్ముతో పుస్తకములు కొనుట మేలు.