లింకన్ వెళ్లేముందు

పెదవేగి



శనివారం మీ మాసచూసెట్స్‌లోనే ఉన్న లింకన్ వెళ్లి వాల్టర్ గ్రోపియస్ కట్టుకున్న ఇల్లు చూస్తామనీ, మధ్యాహ్నం భోజనం బయటేననీ రాశావు. వెళ్లేలోపు ఏం చదవమంటారని అడిగావు. చదవాల్సింది మీ లైబ్రరీలోనే బోలెడంత ఉంటుంది, దానికి నేనక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఇంటి రూపాన్ని మాత్రం మోసుకుని తిరిగి రాకు. తెల్ల గోడలు, చదునైన కప్పు, గోడ పొడవునా సాగే కిటికీ... ఈ రూపం ఫొటోల మీదుగా ప్రపంచమంతా తిరిగి, చివరికి ఏలూరు నుంచి మన ఊరొచ్చే రోడ్డు పక్కకూ చేరింది. ఇక్కడ దాన్ని ‘మోడరన్ ఎలివేషన్’ అంటున్నారు. ఆ ఎలివేషన్ వెనక మే నెలలో మనుషులు పడే అవస్థ చూస్తే, ఆ ఫొటోలు చేసిన మేలు కంటే కీడే ఎక్కువనిపిస్తుంది. ఆధునిక వాస్తుశిల్పి సొంత ఇంట్లో వెతకాల్సింది వేరే ఉంది. ఏ గోడ ఏ ఇబ్బందికి జవాబుగా లేచింది, ఏ కిటికీ ఎవరి కోసం తెరుచుకుంది అని అడుగుతూ తిరగాలి. ఆ ఇబ్బంది మనకు లేకపోతే ఆ జవాబూ మనకు అక్కర్లేదు.

మనిషి సంగతి నీకు తెలుసు గనక క్లుప్తంగా చెబుతాను. 1919లో వైమార్‌లో బౌహౌస్ పాఠశాల పెట్టినవాడు. నాజీల పాలనలో జర్మనీ వదిలి 1934లో ఇంగ్లండుకీ, 1937లో హార్వర్డ్‌లో పాఠం చెప్పడానికి అమెరికాకీ చేరాడు. మరుసటి ఏడే ఈ ఇల్లు లేచింది. స్థలమూ, కట్టుబడి డబ్బూ హెలెన్ స్టారో అనే సంపన్నురాలివి. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, భార్య ఈజె, పన్నెండేళ్ల కూతురు ఆటి. పరాయి దేశంలో కొత్తగా దిగినవాడు తన పాత పేరుప్రతిష్ఠలన్నీ గోడల మీద చూపించుకోవాలనుకోవడం సహజం. ఆయన ఏం చేశాడో దగ్గరగా చూడు. బయటి గోడలు కాంక్రీటు అనుకుంటావు, ఫొటోలో అలాగే కనిపిస్తాయి. చేత్తో తట్టు, చెక్క! ఆ ప్రాంతపు ఇళ్లకు తరతరాలుగా అడ్డంగా కొట్టే పలకలను ఆయన నిలువుగా నిలబెట్టి, ఆ ఊళ్ల అలవాటు ప్రకారమే తెల్ల రంగు వేశాడు. పునాదికి అక్కడి పొలాల్లో దొరికే రాయి, పొగగొట్టానికి ఇటుక. దోమతెర కట్టిన వసారా కూడా ఆ సీమదే. అయితే అక్కడివాళ్లు ఇంటి ముందు కట్టేదాన్ని ఆయన వెనక దక్షిణం వైపు పొడుచుకొచ్చేలా పెట్టాడు. అలా పెడితే మూడు వైపుల గాలి తగులుతుంది, లోపలి గదులకు వెలుతురు తగ్గదు. ఇక గాజు ఇటుకలు, మెట్ల పక్కన మెరిసే లోహపు కడ్డీలు ఫ్యాక్టరీ సరుకు, కేటలాగు చూసి తెప్పించుకోదగ్గవి. ఊరి చెక్కా, ఫ్యాక్టరీ గాజూ ఒకే గోడలో సర్దుకున్నాయి. రెంటిలో దేనికీ ఆయన మొక్కలేదు.

ఇంకో రెండు చోట్ల ఆగు. పడకగదికీ, బట్టలు మార్చుకునే గదికీ మధ్య గాజు తెర ఉంటుంది. చలికాలంలో బట్టలు మార్చుకునే గది వెచ్చగా ఉండాలి, పడుకునేచోట చల్లగాలి కావాలి, చోటు మాత్రం ఒకటిగా విశాలంగా కనిపించాలి. మూడు కోరికలకు ఒక్క తెర సరిపోయింది. రెండోది బయట నుంచి మేడ మీదికి చుట్టుకుంటూ పోయే ఇనుప మెట్లు. ఫొటోగ్రాఫర్లకు అవంటే మహా ఇష్టం. అవి అక్కడున్నది ఆటి కోసం. ఆమె స్నేహితులు హాలులో పెద్దవాళ్ల మధ్య నుంచి నడవకుండా నేరుగా ఆమె గదికి పోవడానికి వేసినవి. మన ఊళ్లలోనూ కొత్త ఇంటికి బయట మెట్లు వేస్తారు, పై వాటా అద్దెకివ్వడానికి. అదీ సబబైన కారణమే, తప్పుపట్టను. కానీ పన్నెండేళ్ల ఆడపిల్లకు ఇంటి ప్లానులో సొంత దారి ఇవ్వాలన్న ఆలోచన 1938లో ఒక తండ్రికి వచ్చిందంటే, ఆ ఇంట్లో అన్నిటికంటే ఆధునికమైన వస్తువు అదేనని నా లెక్క. కడ్డీల వంపు ఎంత అందంగా ఉన్నా అది తర్వాతి మాట.

ఇప్పుడు దక్షిణపు గోడ దగ్గరికి రా. కిటికీల మీద కప్పు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. లింకన్ అక్షాంశం ఇంచుమించు 42.4 డిగ్రీలు. జూన్ 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 71 డిగ్రీల ఎత్తులో, డిసెంబరులో 24 డిగ్రీల ఎత్తులో, రెండుసార్లూ దక్షిణం వైపే ఉంటాడు. అందుకని ఎండాకాలపు ఎండను చూరు ఆపేస్తుంది, చలికాలపు ఎండ చూరు కింద నుంచి గది లోపలిదాకా పాకుతుంది. లెక్క ప్రకారం పుట్టిన చూరు అది. దాన్ని యథాతథంగా పెదవేగికి తెచ్చామనుకో. మన అక్షాంశం 16.8. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు. అంటే మనకు ఎండ ముదిరిన రోజుల్లో దక్షిణపు చూరుకు పనే లేదు. మన శత్రువు నెత్తి మీది స్లాబూ, సాయంత్రం దాకా కాలే పడమటి గోడా. స్లాబు పగలంతా వేడి మింగి రాత్రంతా కిందకు కక్కుతుంది. పడమటి గోడకు రోడ్డు కనబడాలని పెద్ద గాజు పెట్టి, దానికి పరదా వేసి, పరదా వెనక ఏసీ పెడతారు. అలాంటప్పుడు ఆ కిటికీ ఎందుకో నాకర్థం కాదు. అదే జిల్లాలో కొల్లేరు లంకకు పోతే ప్రశ్నే మారిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్లు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అక్కడ ఇల్లు కట్టేవాడు ఎండ కంటే ముందు మెరక గురించి ఆలోచిస్తాడు. ఒక జిల్లాలోనే జవాబులు ఇన్ని రకాలైతే, మాసచూసెట్స్ జవాబు ఇక్కడ అతికించడం చోద్యం కాక ఏమిటి?

దీనికి నీ తరంవాళ్లు, నా తరంవాళ్లు కూడా, వెంటనే ఒక మాట అంటారు: అయితే ఇంత దూరం ఎందుకు, మన మండువా లోగిలిలో అన్నీ ఉన్నాయి కదా! కొంత నిజమే. నాలుగు వైపుల పెంకుల కప్పులు లోపలికి వాలి, నడిమి చదరంలోంచి వెలుతురు, గాలి, వాన మూడూ దిగుతాయి. వాన నీరు నిలవకుండా పల్లంగా చేసి తూము పెట్టారు. వేడిగాలి పైకి పోతుంది. చుట్టూ వసారా నీడలో పనులు సాగుతాయి. ఇదంతా లెక్కగల కట్టుబడి. కానీ అదే ఇంటి ప్లానును మరోలా చదివి చూడు. అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు వీధిలోనే నిలబడాలి, మండువా దాకా ఎవరు రావచ్చు అన్నది కులం నిర్ణయించింది. ఆడవాళ్ల బతుకు వెనక వంటింటి పొగలో గడిచింది. గాలి అందరికీ వీచలేదు. పైగా ఆ లోగిలికి కావలసిన స్థలం, టేకు దూలాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి? నాలుగు సెంట్లలో మండువా అడిగితే మేస్త్రి నవ్వుతాడు. అందువల్ల మండువానూ రూపంగా కాపీ కొట్టడం పనికిరాదు. హోటళ్లవాళ్లు సిమెంటు స్తంభాలకు టేకు రంగు పూసి చేస్తున్నది అదే. గ్రోపియస్‌ను ఏ కళ్లతో చూడమంటున్నానో మండువానూ అవే కళ్లతో చూడాలి. పై నుంచి గాలి, వెలుతురు దింపే ఉపాయం తీసుకో, గడపల లెక్క వదిలెయ్.

మరో ఆక్షేపణ ఇంకా బలమైనది. ధనవంతురాలు స్థలమిస్తే, ప్రొఫెసరు తనకు తానే కట్టుకున్న ఇంటి నుంచి సామాన్యులకు ఏం పాఠం? ఈ మాట అనేవాళ్లను తోసిపుచ్చకు. కింది అంతస్తులో వంటింటి పక్కన పనిమనిషి గది ఉంటుంది, చూడకుండా వచ్చేయకు. సమానత్వం మాట్లాడిన తరం వాస్తుశిల్పి ఇంట్లోనూ గిన్నెలు తోమే చేతులు వేరే ఉన్నాయి. చవకగా అందరికీ ఇళ్లు ఇద్దామని ఆయన కొన్రాడ్ వాక్స్‌మన్‌తో కలిసి 1940లలో ఫ్యాక్టరీ పలకలతో కూర్చే ఇల్లు తయారుచేశాడు. రెండు వందలు కూడా అమ్ముడుపోలేదు. కాబట్టి ఆయన్ను దేవుణ్ని చేసి కొబ్బరికాయ కొట్టాల్సిన పనిలేదు. అయినా సొంత ఇల్లు చూడడంలో ఒక లాభముంది. ఇంకొకరికి కట్టిన ఇంట్లో ఏది బెడిసినా యజమాని మీదికి తోసేయవచ్చు. తను కట్టుకున్న దాంట్లో 1969లో పోయేదాకా ఉన్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. చలికి వణికినా, కప్పు కారినా అనుభవించేది తనే. ఆ ఇంటిని 1985లో మ్యూజియంగా తెరిచారు. వాళ్ల వస్తువులు వాళ్లు వాడినచోటే ఉంటాయి గనక ఇల్లు నిజంగా ఎలా నడిచిందో చదవడానికి వీలుంది.

ప్రశ్నను తెచ్చుకుని జవాబును వదిలేయడం మాటల్లో చెప్పినంత తేలిక కాదన్నది కూడా ఒప్పుకుంటాను. కానీ చేసినవాళ్లున్నారు. హబీబ్ రెహమాన్ మీ ఎంఐటీలోనే చదివి గ్రోపియస్ దగ్గర పనిచేశాడు. ఢిల్లీలో రవీంద్ర భవన్‌కు ఆయన మొదట గీసిన పెట్టెలాంటి భవనాన్ని నెహ్రూ తిరగ్గొట్టాడు. మళ్లీ గీసినప్పుడు జాలీలు, చూర్లు వచ్చాయి, భవనం బాగుపడింది. ప్రధానమంత్రి దాకా పోవాల్సి రావడం వేరే సంగతి. మనకు ఇంకా దగ్గరివాడు చార్లెస్ కొరియా. పుట్టింది 1930లో సికింద్రాబాద్‌లో, చదివిందీ అదే ఎంఐటీలో, 1955లో పట్టా. తిరిగొచ్చి 1960లలో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ కార్యాలయం కట్టినప్పుడు తెల్ల పెట్టె కట్టలేదు. గదుల మధ్య ఆకాశం కనిపించే ఖాళీలు వదిలి, పైన పందిరిలా నీడనిచ్చే కప్పు వేశాడు. లింకన్ ఇంట్లో దక్షిణపు చూరు చేసే పనిని ఇక్కడ నెత్తి మీది పందిరి చేస్తోంది. ఎండ పైనుంచి పడే దేశంలో నీడ కూడా పైనే ఉండాలన్నది సూటి లెక్క. ఫొటోలో గ్రోపియస్ ఇంటికీ దీనికీ ఏమాత్రం పోలిక లేదు, ఆలోచనలో మాత్రం దగ్గరి చుట్టం. అదే సంస్థ ఉద్యోగుల కాలనీని గీసింది బాలకృష్ణ దోషి. ఈసారి ఇంటికొచ్చేటప్పుడు శంషాబాద్‌లో దిగి నేరుగా ఏలూరు రైలెక్కకుండా ఒక పూట అటు వెళ్లు.

ఇక భోజనం. ముందు కడుపునిండా తిను, ఆకలి మీద ఎవరికీ ఏ పాఠమూ ఎక్కదు. కాకపోతే మన బిర్యానీ దొరికేచోటికి పరుగెత్తకుండా, పాతకాలపు డైనర్ ఏదైనా దొరుకుతుందేమో వాకబు చేయండి. మీ రాష్ట్రంలోనే వుస్టర్ పట్టణంలో ఒక కంపెనీ 1906 నుంచి 1957 దాకా ఇలాంటి భోజనశాలలను ఫ్యాక్టరీలో తయారుచేసి, చక్రాల మీద తరలించి, ఊరూరా దింపింది. ఆరువందలకు పైగా. ఇల్లు ఫ్యాక్టరీలో పుట్టాలని గ్రోపియస్ కలలు కని చేయలేకపోయిన పనిని, ఏ వాస్తుశిల్పీ లేకుండా భోజనశాలలవాళ్లు చేసి చూపించారు. ఆ సన్నటి ఆకారం షోకు కోసం వచ్చింది కాదు, దారిలో తీసుకెళ్లగలిగే వెడల్పు అంతే. పొడవాటి బల్ల, ఇవతల గుండ్రటి స్టూళ్లు, అవతల వంటవాడు. ఒక మనిషి రెండడుగులు కదలకుండా వండి, వడ్డించి, డబ్బు తీసుకోగలడు. వంట చేసేవాడి ముఖం తినేవాడికి కనిపిస్తుంది. పొద్దున చూసిన ఇంట్లో వంటిల్లు ఎక్కడుందో, పనిమనిషి గది ఎక్కడుందో అప్పుడు గుర్తుచేసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి మీలో మీరు వాదించుకోండి. ఏలూరు భోజన హోటల్లోనూ ఇదే చూడవచ్చు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి ప్రతి ఆకూ కనబడుతుంది. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడి దారికీ, చేయి కడుక్కోవడానికి లేచేవాడి దారికీ ఢీ ఉండదు. ఎవరూ గీయని ప్లాను, రోజూ వందలమందితో సరిచూసుకున్న ప్లాను. భోజనానికీ వాస్తుశిల్పానికీ ఏం సంబంధమని మీ స్నేహితులు నవ్వితే నవ్వనీ.

ఒక పని మాత్రం నా కోసం చేసి పెట్టు. ఆ దక్షిణపు చూరు ఎన్ని అడుగులు ముందుకొచ్చిందో, దాని కింద కిటికీ ఎంత ఎత్తుందో కంటితో అంచనా వేసి రాసుకో. 71, 24 డిగ్రీల గీతలు గీస్తే రెండు కాలాల్లో ఎండ గదిలో ఎక్కడిదాకా వస్తుందో తేలుతుంది. తర్వాత అదే కాగితం మీద పెదవేగి పడమటి గోడకు, మే నెల సాయంత్రం నాలుగు గంటల ఎండకు ఏం కట్టాలో నువ్వే గీసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న