పాట యొకరిది, పేరు మరియొకరిది

ఒక వాద్యబృందము చెదరిపోయిన పిమ్మట దాని పాటలపై హక్కెవరిది? దాని పేరుపై హక్కెవరిది? ఈ రెండును ఒకే ప్రశ్న యని పలువురు తలంతురు. అట్లు కాదని తెలుపుటకై అమెరికాదేశమున 2013వ సంవత్సరమున నడచిన యొక వ్యాజ్యమును మేమిచట వివరింపదలచితిమి.

కాలిఫోర్నియా తీరమున హెర్మోసా బీచ్ అను పట్టణము కలదు. 1976లో గ్రెగ్ గిన్ అను గిటారు వాద్యకుడు అచట నొక బృందమును స్థాపించెను. మొదట దాని పేరు ‘పానిక్’. తరువాత ‘బ్లాక్ ఫ్లాగ్’, అనగా నల్లజెండా. వారు వాయించినది పంక్ రాక్ అను సంగీతము. అందు ఆలాపన లేదు, రాగవిస్తారము లేదు. మిక్కిలి వేగముగా వాయించుచు, గొంతు చించుకొని పాడుచు, రెండు నిమిషములలో పాట ముగింతురు. మన చెవులకది గోలగా తోచవచ్చును. మాకును మొదట నట్లే తోచెను. నాలుగు నల్లని పట్టీలతో నొప్పు వారి చిహ్నమును గిన్ సోదరుడగు రేమండ్ పెట్టిబాన్ చిత్రించెను.

తొలి గాయకుడు కీత్ మారిస్. 1979లో వెలువడిన ‘నెర్వస్ బ్రేక్‌డౌన్’ అను రికార్డున వినబడునది అతని కంఠమే. అందలి నాలుగు పాటలలో మూడింటిని గిన్ ఒక్కడే వ్రాసెను. నాలుగవదానిలో మారిస్‌కును పాలు కలదు. ఆ యేడే మారిస్ వైదొలగెను. పిమ్మట గాయకులు మారిరి, వాద్యకులు మారిరి. తుదివరకు నిలిచినవాడు గిన్ ఒక్కడే. 1986లో బృందము విచ్ఛిన్నమయ్యెను.

2011 డిసెంబరులో మారిస్, చక్ డుకోవ్‌స్కీ, బిల్ స్టీవెన్‌సన్ అను పూర్వసభ్యులు కలిసి ఆ పాత పాటలను ఒక సభలో వినిపించిరి. 2013లో డెజ్ కడెనా యను మరియొక పూర్వసభ్యుడును చేరగా, ‘ఫ్లాగ్’ అను పేరుతో ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. చిత్రమేమన, అదే యేట గిన్ కూడ బ్లాక్ ఫ్లాగ్‌ను పునరుద్ధరించెను. ఒకే పాటలకు రెండు బృందములు!

ఆగస్టులో గిన్ పక్షమువారు లాస్ ఏంజిలెస్ న్యాయస్థానమున దావా వేసిరి. అయితే వివాదమంతయు పేరును గూర్చియు, నాలుగు పట్టీల చిహ్నమును గూర్చియు మాత్రమే. ఏలయన, ఆ దేశమున ప్రదర్శనశాలలు రచయితల సంఘములకు రుసుము చెల్లించును. కనుక ఇతరుల పాటను వేదికపై పాడుటకు రచయితను వేరుగ అడుగ నక్కరలేదు. వ్యాపారచిహ్నముల చట్టము మాత్రము వేరొక ప్రశ్న వేయును: కొనువాడు మోసపోవునా? టిక్కెట్టు కొన్నవాడు ఈ బృందమును ఆ బృందమని భ్రమించునా? అక్టోబరులో న్యాయమూర్తి తాత్కాలిక నిషేధాజ్ఞ నిచ్చుటకు నిరాకరించెను. 2014లో ఉభయులు రాజీపడిరి.

గిన్ మనోవేదన నిర్హేతుకమని మేమనజాలము. పాటలు వ్రాసినవాడతడు; అందరు పోయినను విడువక నిలిచినవాడతడు. కాని తొలుత ఆ పాటలకు ప్రాణము పోసిన కంఠమును ఏ దస్తావేజుతో బంధింపగలము?

2025 మే నెలలో ఫ్లాగ్ బృందము లాస్ వేగస్‌లో మరల వేదిక నెక్కెను. మారిస్‌కు అప్పటికి 69 ఏండ్లు. అదే యేట గిన్ కొత్తగా యువతీయువకులను చేర్చుకొని, బ్లాక్ ఫ్లాగ్ పేరుతోనే బయలుదేరెను.