పుదీనా టబ్బులో జీవామృతం పోయొచ్చా?

బాల్కనీలో మట్టి లేకుండా నీళ్లలోనే పుదీనా, కొత్తిమీర ఎలా పెంచాలో పై వీడియోలో చూపించాను. వీడియోలో టైం చాలక వదిలేసిన సంగతి ఒకటుంది. మన రైతు సోదరులు ఎక్కువగా అడిగేది కూడా అదే: "ఆ సీసాల్లో మందులెందుకండీ, జీవామృతం పోస్తే సరిపోదా?"

సరిపోదండీ. నేనూ పొలంలో జీవామృతం వాడేవాడినే, అయినా టబ్బులో చుక్క కూడా పోయను.

200 లీటర్ల జీవామృతానికి మనం 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతాం. అందులో బెల్లం, పిండి మొక్కకు కాదు, సూక్ష్మజీవులకు మేత. జీవామృతం ఎరువు కాదు, పాలలో వేసే తోడు లాంటిదని పాలేకర్ గారు చెబుతుంటారు కదా. ఇక్కడ పాలు అంటే మన నేల. టబ్బులో ఆ పాలే లేవు, తోడు దేనికి వేస్తాం?

పేడలో, మూత్రంలో ఉన్న నత్రజనిని మొక్క చాలావరకు ఉన్నది ఉన్నట్టు తీసుకోలేదు. ముందు సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా, తర్వాత వేరే రకం బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చాలి. ఈ రెండోవాటికి గాలి కావాలి, అంటుకుని బతకడానికి మట్టి రేణువుల్లాంటి ఆసరా కావాలి. కదలని నీళ్లలో జరిగేది వేరు. బెల్లం తిన్న బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. వేర్లకు ఊపిరాడదు. గోధుమ రంగుకు తిరిగి, జిగురు పట్టి కుళ్లిపోతాయి, కంపు కొడుతుంది. గాలి పంపులు, ఫిల్టర్లు పెట్టి సేంద్రియ ద్రవాలతో నడిపే పద్ధతులు లేకపోలేదు గానీ, రెండు బకెట్ల కోసం అంత తంటా ఎందుకు?

ఇంకో మాట. పుదీనాను పచ్చిగా మజ్జిగలో వేసుకుంటాం, కొత్తిమీర చివర్లో పైన చల్లుకుంటాం. పేడ కలిపిన నీళ్లు ఆకులకు అంత దగ్గరగా ఉంటే చిన్నపిల్లలున్న ఇంట్లో నాకైతే ధైర్యం చాలదు.

మరి పోయాల్సిందేమిటి? హైడ్రోపోనిక్స్ కోసమే అమ్మే ఎ, బి పోషక ద్రావణాలు. అవి రసాయన లవణాలే, దాచేదేం లేదు. ఎ లో కాల్షియం నైట్రేట్, బి లో ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు ఉంటాయి. చిక్కగా ఉండగా రెండూ కలిపితే కాల్షియం గడ్డకట్టి అడుక్కి చేరుతుంది, మొక్కకు అందదు. ముందు బకెట్ నిండా నీళ్లు పోసి, ఎ వేసి బాగా కలిపాకే బి వేయాలి.

అందుకే దీన్ని నేను ప్రకృతి వ్యవసాయం అనను. యూరోపియన్ యూనియన్ 2018/848 నిబంధన కూడా నేలలో పెరగని ఇలాంటి పంటను సేంద్రియం అని ఒప్పుకోదు. అమెరికాలో మాత్రం సర్టిఫికెట్ ఇస్తున్నారు, అక్కడ దానిమీద గొడవ నడుస్తూనే ఉంది. ఎవరైనా పక్క ఫ్లాట్ల వాళ్లకు అమ్మాలనుకుంటే "నీళ్లలో పెంచింది" అని చెప్పే అమ్మండి. సేంద్రియం అని చెప్పి అమ్మితే, రేపు నిజంగా నేలలో పండించిన రైతు మాట కూడా వాళ్లు నమ్మరు.

ఇక బకెట్ సంగతి. హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఆయన రూపొందించిన పద్ధతి ఇది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. 10 లీటర్ల రంగు బకెట్ మూతకు రంధ్రాలు చేసి, కడిగిన కొబ్బరి పొట్టు నింపిన చిన్న కప్పులు దించాలి. బకెట్‌లోకి వెలుతురు దూరితే పాచి పడుతుంది. మొదట్లో కప్పు అడుగు నీటికి తగలాలి. నీళ్లు తగ్గేకొద్దీ మధ్యలో గాలి ఖాళీ పెరుగుతుంది, పై వేర్లు అక్కడే గాలి పీల్చుకుంటాయి. మళ్లీ నీళ్లు పోసేటప్పుడు సగానికి మించకండి, ఆ గాలి వేర్లు మునిగితే మొక్క వాడిపోతుంది.

నీటి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి. నిమ్మరసం పిండితే ఎక్కువ రోజులు నిలవదు. బోరు నీళ్ల టీడీఎస్ 500 దాటితే వాననీళ్లో, ఆర్ఓ నీళ్లో కలుపుకోవాలి. ఆర్ఓ మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మన ఎండాకాలమే అసలు పరీక్ష. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. అందుకే తూర్పు బాల్కనీలో, ఉదయం ఎండ నాలుగైదు గంటలు పడేచోట పెట్టి, బకెట్‌కు తడి గోనెపట్టా చుట్టండి. మూత సందుల్లో దోమ దూరకుండా చూడండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే.

మొదటిసారైతే పుదీనాతోనే మొదలుపెట్టండి. కూరకని తెచ్చిన కట్టలోంచి గట్టి కాడలు తీసి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం, పది రోజుల్లో వేర్లు వస్తాయి. కొత్తిమీరకు తల్లివేరు కదిలిస్తే నచ్చదు. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి నేరుగా కప్పులోనే వేయాలి. అదీ అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపే. ఎండలు ముదిరితే ఆకు రాకముందే పూతకొస్తుంది.