బర్మాలో శాంతియుత నిరసన – లోకం పాటించిన మౌనం

సైనిక నియంతృత్వానికి బలమంతా తుపాకిలోనే ఉన్నదని సామాన్యంగా అనుకుంటాము. అది సగం సత్యమే. చూచి చూడనట్లు ఊరకుండే లోకం నుండి దానికి తక్కిన సగం బలం లభిస్తున్నది. ఆయుధం పట్టని ప్రజలను సైన్యం అణచివేసినప్పుడు ఇతర దేశాలు ఏమి చేసినవో, ఏమి చేయలేదో తెలుసుకొనుటకు బర్మా చరిత్ర ఒక పాఠం వంటిది.

బర్మా మనకు పరాయిది కాదు. చివరి మొగలు చక్రవర్తి, ఉర్దూ కవి బహదూర్ షా జఫర్ 1862లో రంగూనులో బందీగా కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడనే ఉన్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి పోయి రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేశారు. కోరంగి రేవు పేరున బర్మీయులు వారిని కోరంగీలని పిలిచేవారు. ముందుగా కొంత సొమ్ము ఇచ్చి మేస్త్రీ కూలీలను తరలించుకొనిపోయే పద్ధతి అక్కడ ఉండినది. గుంపు మేస్త్రీల వెంట ఊళ్ళు విడిచిన పాలమూరు కూలీల కథ ఎరిగిన జడ్చర్ల వారికి ఆ బ్రతుకును వేరుగా వివరించవలసిన పని లేదు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలద్రోసి అధికారం చేపట్టాడు. అదే సంవత్సరం జూలై 7న రంగూను విశ్వవిద్యాలయ విద్యార్థులు కొత్త హాస్టలు నిబంధనలను నిరసించారు. సైన్యం వారిపై కాల్పులు జరిపినది. మృతుల సంఖ్య ప్రభుత్వ లెక్కలో పదిహేను దరిదాపుల ఉండగా, వందకు పైబడినదని ఇతరులు చెప్పారు. మరునాడు విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైటుతో పేల్చివేశారు. బ్రిటిషు పాలనను ఎదిరించిన ఆంగ్ సాన్ వంటి నాయకులు తయారైన భవనమది.

ఇంత జరిగినా ప్రపంచ రాజధానులలో చెప్పుకోదగిన అలజడి కలుగలేదు. దీనికి రెండు కారణాలు కనబడుతున్నవి. బర్మా తన తలుపులు మూసుకొన్నది. విదేశ యాత్రికులకు ఒక్క దినం అనుమతియే దొరికిన కాలమది. వార్త వెలికి రాని చోట సానుభూతి పుట్టదు. రెండవది ప్రచ్ఛన్న యుద్ధం. తటస్థంగా ఉన్న బర్మాను ఎదుటి పక్షం వైపు నెట్టుటకు ఏ అగ్రరాజ్యమూ ఇష్టపడలేదు.

1964లో దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేయగా భారతీయులు లక్షల సంఖ్యలో బర్మాను విడిచారు. వారిలో తెలుగువారు పలువురు విశాఖపట్నం చేరారు. అక్కడి బర్మా కాంపు పేరు నేటికీ వినబడుతున్నది. మనవారికి నీడ కల్పించుట మంచి పనియే. కాని వారిని వెళ్ళగొట్టిన పాలన అక్కడి ప్రజలను ఏమి చేస్తున్నదని మనం ఎంతగా విచారించాము?

1974లో జరిగిన సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. పది సంవత్సరాలు ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ ఆ నవంబరులో న్యూయార్కులో మరణించారు. స్వదేశంలో ఆయన అంత్యక్రియలకు నె విన్ ప్రభుత్వం ప్రభుత్వ లాంఛనాలు నిరాకరించినది. డిసెంబరు 5న విద్యార్థులు శవపేటికను విశ్వవిద్యాలయానికి మోసుకొనిపోయి, కూల్చిన విద్యార్థి సంఘ భవన స్థలంలోనే సమాధి చేయదలచారు. 11వ తేదీన సైన్యం ఆవరణలో జొరబడి శవపేటికను లాగుకొన్నది. పలువురు మరణించారు. లోకానికి శాంతి కోరి పనిచేసిన మనిషిని గౌరవించినందుకు విద్యార్థులు బలియైతే, ఆ లోకం త్వరలోనే మరచిపోయినది.

1988 ఆగస్టు 8న దేశమంతట జనం వీధులలోకి వచ్చారు. ఆ వారాలలో మృతులు మూడువేలని సాధారణంగా చెప్పే అంచనా. 1990 ఎన్నికలలో ప్రతిపక్షం ఘనవిజయం సాధించినా సైన్యం గద్దె దిగలేదు. లోకం పూర్తిగా మౌనంగా ఉన్నదనుట న్యాయం కాదు. 1991లో ఆంగ్ సాన్ సూ చీకి నోబెల్ శాంతి బహుమతి లభించినది. కొన్ని దేశాలు ఆంక్షలు విధించినవి. కాని వ్యాపారం, సరిహద్దులు, పొరుగు రాజ్యాల పోటీ మాటకు వచ్చేసరికి మెచ్చుకోలు ఒక దారి, ఆచరణ ఒక దారి అయినవి.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాగుకొన్నది. వైద్యులు, ఉపాధ్యాయులు విధులు మానారు. ప్రజలు రాత్రివేళ గిన్నెలు, పళ్ళేలు మోగించి నిరసించారు. తుపాకులే సమాధానమైనవి. జూన్ 18న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఖండన తీర్మానం చేయగా 119 దేశాలు బలపరచినవి, ఒకటి వ్యతిరేకించినది, 36 తటస్థంగా ఉన్నవి. ఆ తటస్థులలో చైనా, రష్యాలతో పాటు మన దేశమూ ఉన్నది. సరిహద్దు భద్రత వంటి కారణాలు దీనికి చెప్పవచ్చును. కారణం ఉన్నంత మాత్రాన మౌనం మౌనం కాకపోదు.

ఈ ఉపేక్ష రాజ్యాలకే పరిమితం కాదు. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సైనిక దాడులకు బంగ్లాదేశ్ పారిపోయినప్పుడు బర్మా ప్రజలలో అనేకులు నోరు మెదపలేదు. 2019లో సూ చీ స్వయంగా హేగ్ న్యాయస్థానంలో తమ దేశాన్ని సమర్థించారు. 2021లో ఆ తుపాకి తమ వైపు తిరిగిన పిదప పలువురు యువకులు రోహింగ్యాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మన హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకొన్న రోహింగ్యా కుటుంబాలు ఈ చరిత్రకు ప్రత్యక్ష సాక్షులు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనం సైన్యాలను ఆపలేము, తీర్మానాలు చేయలేము. కాని బాధితుని మతం, భాష అడిగిన తరువాతనే జాలిపడే అలవాటును మానుకొనగలము. దూరదేశపు వార్తను చదివి, నిజానిజాలు విచారించి, మరువక చెప్పగలము. 1962లో కాల్పులకు గురైనవారు మనవలె హాస్టలు విద్యార్థులే. వారిని గుర్తుంచుకొనుట మన చదువులో భాగమని మా అభిప్రాయం.