అందరూ అదృష్టమంటున్నారు, నాకెందుకు ఏడుపొస్తోంది?



మాది కాకినాడ. మా వారు ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. ఈ ఏడాది ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటే హైదరాబాద్‌కి బదిలీ. ఆయన వెళ్లి జాయినైపోయారు, మియాపూర్‌లో ఫ్లాట్ కూడా మాట్లాడేశారు. బళ్లు తెరిచేలోగా, ఆషాఢం రాకముందే మేం సామానంతా సర్దుకుని వెళ్లాలి. మేం అంటే నేనూ, తొమ్మిదో తరగతికి వచ్చిన అమ్మాయీ, నాలుగో తరగతి బాబూ, డెబ్బై దాటిన మా అత్తగారూ.

ఎవరికి చెప్పినా అదృష్టవంతురాలివే అంటున్నారు. భాష రాని రాష్ట్రాలకి బదిలీ అయిపోయి ఏడుస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో మా ఆడపడుచు రోజూ ఫోన్ చేసి మరీ గుర్తుచేస్తుంది. ఆవిడ మాట నిజమే. కానీ పొద్దున్నే లేచి హాల్లో అట్టపెట్టెలు చూసేసరికి నాకు కాళ్లు ఆడవు.

స్కూళ్లలో టీసీలు నేనే తేవాలి. గ్యాస్ సిలిండర్లు నేనే అప్పగించాలి. అత్తగారి బీపీ, షుగర్ ఫైళ్లు, ప్యాకర్స్ వాళ్లతో బేరాలు, కేబుల్ వాడి బాకీ, అన్నీ నావే. ఇంటి ఓనరు గారేమో పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటామంటున్నారు. మా వారికి చెప్తే ‘నువ్వు మేనేజ్ చేస్తావులే, నాకు తెలుసు’ అంటారు. అది మెచ్చుకోవడమో, తప్పించుకోవడమో నాకు అర్థం కావట్లేదు.

ఇంత హడావుడిలో మా అత్తగారు కొత్తావకాయ పెట్టారు. ఎప్పటిలాగే పెద్ద జాడీ నిండా. నూనె ఉన్నవి లారీలో ఎక్కించం అన్నారు ప్యాకర్స్ వాళ్లు. ‘అయితే నేనూ రాను, మీరు వెళ్లండి’ అని ఆవిడ జాడీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అమ్మాయి మాట్లాడడం మానేసింది. మొన్న ఎందుకలా ఉన్నావని అడిగితే ‘నన్నెవరైనా అడిగారా?’ అంది. నాకు కోపం ఆగలేదు. ‘హైదరాబాద్‌లో చదువుకునే ఛాన్స్ ఎంతమందికి వస్తుంది? ఉన్నదానికి సంతోషించడం నేర్చుకో’ అని అరిచాను. అరిచాక చూసుకుంటే అది అచ్చం మా ఆడపడుచు నాతో అనే మాట.

మా కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకామె సలహా ఇచ్చింది. రోజూ పడుకునే ముందు జీవితంలో ఉన్న పది మంచి విషయాలు రాసుకోవాలట, మనసు తేలికవుతుందట. నోట్‌బుక్ కొన్నాను. ఆరోగ్యం, పిల్లలు, ఆయన ఉద్యోగం అని రాశాను. మర్నాడూ అవే రాశాను. మూడు దాటి నాలుగోది తోచడానికే కష్టమైంది. చివరికి ఆ పుస్తకాన్నీ ఏదో పెట్టెలో పడేసి టేపు వేసేశాను.

ఇన్ని ఉన్నా సంతోషపడలేకపోవడం నా బుద్ధిలో లోపమా? నాకు అసలు కృతజ్ఞతే లేదా?

– పేరు వద్దు, కాకినాడ

◆

అమ్మా,

మీకు లేనిది కృతజ్ఞత అని నాకు అనిపించలేదు. మీకు నిద్ర లేదు, చేతిసాయానికి ఇంకో మనిషి లేరు. ఈ రెండూ లేనివాళ్లు రాత్రి పదకొండింటికి మంచి విషయాలు వెతుక్కుంటూ కూర్చోకూడదు, పడుకోవాలి.

శుభవార్త కూడా మనిషిని నలగ్గొడుతుందని పెద్దగా ఎవరూ చెప్పరు. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ సైకియాట్రిస్టులు జీవితంలో వచ్చే 43 రకాల మార్పులు తీసుకుని, ఏది మనిషిని ఎంత కుదిపేస్తుందో మార్కులు వేశారు. భార్యో భర్తో పోవడం 100. అందులో పెళ్లి కూడా ఉంది, దానికి 50. ఉద్యోగంలో బాధ్యతలు మారితే 29, గొప్ప విజయం సాధిస్తే 28, ఇల్లు మారితే 20, బడి మారితే 20. సెలవులకి ఊరెళ్లినా 13 వేశారు. మంచైనా చెడైనా అలవాటైన బతుకు మళ్లీ కొత్తగా అమర్చుకోవాల్సి రావడమే వాళ్లు లెక్కపెట్టింది. అరవై ఏళ్ల నాటి అమెరికా పట్టిక కాబట్టి మన ఇళ్లకి అంకెలు అక్షరాలా వర్తించవు. అత్తింటివాళ్లతో చిక్కులకు మాత్రం అందులోనూ 29 మార్కులున్నాయి. ఆవకాయ జాడీ ఆ పద్దు కిందకి వస్తుందో రాదో మీరే తేల్చుకోండి.

చెప్పొచ్చేదేమిటంటే, ప్రమోషన్ వచ్చిన ఇంట్లో ఏడుపు రావడం వింతేమీ కాదు. ఆయనకి వచ్చింది పై మెట్టు. మీకు వచ్చింది ఇల్లంతా ఊడదీసి వంద కిలోమీటర్లు కాదు, దాదాపు ఐదు వందల కిలోమీటర్ల అవతల మళ్లీ నిలబెట్టే పని. ఆ పని చేస్తూనే దానికి మురిసిపోవాలి కూడా అంటే ఎవరివల్ల అవుతుంది?

ఇక నోట్‌బుక్ సంగతి. అది ఉత్త వాట్సాప్ వేదాంతం కాదు, వెనక పరిశోధన ఉంది. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లా 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో మొదటిదాంట్లో విద్యార్థుల చేత పది వారాలు రాయించారు. ఒక జట్టు కృతజ్ఞత కలిగించినవి, ఇంకో జట్టు చిరాకు పెట్టినవి. మొదటి జట్టువాళ్లు తమ జీవితం మీద ఎక్కువ తృప్తిగా కనిపించారు. అయితే వాళ్లు రాసింది వారానికోసారి, అదీ ఐదింటి దాకా మాత్రమే. రోజుకి పది అన్న లెక్క మీ స్నేహితురాలికి ఎక్కడ దొరికిందో గానీ, సామాను సర్దే ఇంట్లో అది మరో పని.

నన్నడిగితే మీ పుస్తకంలో చిక్కు ఆ పది అంకె కాదు. ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం అని మీరు రాసినవి దరఖాస్తులో గడులు నింపినట్టున్నాయి. వాటి వెనక ముఖాలు లేవు. ఫలానావాళ్లు ఫలానా రోజు నాకిలా చేశారు అని గుర్తొస్తే మనసు కదులుతుంది గానీ, ‘ఆరోగ్యం’ అని రాసుకుంటే ఏం కదులుతుంది? అందుకని ఆ పుస్తకం పెట్టెలోనే ఉండనివ్వండి. మనుషుల దగ్గరికే వెళ్లండి.

కాకినాడలో ఇంతకాలం కాపురం చేశారు. పిల్లల్ని బడికి తీసుకెళ్లిన ఆటో అతను ఉంటాడు. రాత్రిపూట అత్తగారి మాత్రలు అయిపోతే షట్టర్ సగం ఎత్తి ఇచ్చిన మందుల షాపాయన ఉంటాడు. ఊరెళ్లినప్పుడు తాళంచెవి దాచిపెట్టి, మొక్కలకి నీళ్లు పోసిన పక్కింటావిడ ఉంటుంది. పండగ ముందురోజు కూడా కాదనకుండా జాకెట్టు కుట్టిచ్చిన టైలరు ఉంటాడు. మీ జాబితా నాకు తెలియదు, మీకు తెలుసు. నలుగురైదుగురు చాలు. వెళ్లి, ‘థాంక్సండీ, వెళ్లొస్తాం’ అని గుమ్మంలోంచే వచ్చేయకండి. ‘ఆ వానాకాలం రోడ్డంతా మునిగిపోతే మా పిల్లాణ్ణి భుజానెత్తుకుని తెచ్చి దింపావు, నేను మర్చిపోలేదు’ అని జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆ ఆటో అతను మర్చిపోయే ఉంటాడు. అతనికి మీరు గుర్తుచేస్తున్నప్పుడు ఆ వాన, ఆ సాయంత్రం, మీ భయం మొత్తం మీకు తిరిగొస్తాయి. పది అంశాలు రాసినా రాని ఊరట ఇక్కడ వస్తుందని నా నమ్మకం. దీనికీ ప్రయోగం ఉంది లెండి. మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో, తమకి మేలు చేసినవాళ్లకి ఉత్తరం రాసి స్వయంగా తీసుకెళ్లి ఇమ్మని కొందరికి చెప్పింది. వాళ్ల మనసులో వచ్చిన మార్పు నెలదాకా నిలిచిందట.

ఆవకాయ జాడీ దారి కూడా ఇందులోనే ఉంది. లారీ ఎక్కదు కాబట్టి హార్లిక్స్ సీసాలు కడిగి ఎండబెట్టండి. ఎవరెవరికి ఇవ్వాలో అత్తగారినే చెప్పమనండి, ఆవిడ చేత్తోనే సీసాలకి ఎత్తించండి. ఇవ్వడానికి వెళ్లినప్పుడు కుదిరితే ఆవిణ్ణీ వెంట తీసుకెళ్లండి. ఇన్నేళ్ల స్నేహాలన్నీ కాకినాడలో వదిలి, ఎవరూ తెలియని అపార్ట్‌మెంటులో ఎన్నో అంతస్తుకో వెళ్తున్నారు ఆవిడ. డెబ్బై దాటాక కొత్త స్నేహం కుదరడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నది జాడీ కోసం అని నేననుకోను. పదిమంది ఇళ్లకి వెళ్లి, నాలుగు కన్నీళ్లు పెట్టుకుని, తన చేతి పచ్చడి ఇచ్చి వస్తే ఆవిడ లేవడం సులువవుతుంది. ఇంటికి మిగిలినది గట్టి మూత స్టీలు డబ్బాలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, మీతోపాటు రైల్లోనే తెచ్చుకోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఊరగాయ వాసన కొత్తేమీ కాదు.

ఓనరు గారి విషయంలో మాత్రం మీరు మెత్తబడకండి. కృతజ్ఞత గుళ్లో ప్రసాదం కాదు, వరసలో నిలబడ్డ అందరికీ పెట్టడానికి. అగ్రిమెంటులో పెయింటింగ్ మాట ఉందో లేదో చూడండి. ఉంటే ఎంతకి దేనికో కాగితం మీద లెక్క అడగండి. మంచితనంతో బతకాలనుకునే ఆడవాళ్లు ఇలాంటిచోట ‘పోనీలే’ అనేసి, తర్వాత నెలల తరబడి లోలోపల ఉడుకుతుంటారు. మంచి గుర్తుపెట్టుకోవడం వేరు, రావాల్సిన డబ్బు వదులుకోవడం వేరు.

అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. ఆమెనెవరూ అడగలేదు. ‘నిజమే, నిన్నడగలేదు. అడిగినా వెళ్లకతప్పేది కాదు, కానీ అడగాల్సింది’ అని ఒక్కమాట అనండి. పదిలో మారేకంటే తొమ్మిదిలో మారడమే నయం. అది మీకూ నాకూ తెలిసిన సంగతి, ఆ మాట ఇప్పుడు ఆమె దగ్గర ఎత్తకండి. ‘ఉన్నదానికి సంతోషించు’ అన్నది అసలే వద్దు. మీ ఆడపడుచు నోట వింటే మీకెలా ఉంటుందో మీరే రాశారు కదా. ఆమెకొక పెట్టె ఇవ్వండి. అందులో ఏం పెట్టుకుంటుందో మీరు చూడొద్దు, బరువు మాత్రం చెప్పండి. ఆ పెట్టె లారీలో చివర్న ఎక్కించమనండి. చివర ఎక్కింది ముందు దిగుతుంది. అక్కడ వంటింటి సామాను విప్పకముందే ఆమె గది ఆమెకి కాస్త అమరుతుంది. దసరాకి కాకినాడ పంపిస్తానని మాటిస్తే పంపించండి. పంపించలేనట్టయితే మాట ఇవ్వకండి.

(మందులు, టీసీలు, ఆధార్ కార్డులు, బ్యాంకు కాగితాలు, బంగారం లారీ ఎక్కకూడదు. ఇవి మీ చేతిసంచిలో ఉండాలి. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.)

ఇక మీ వారు. ఆయన మెచ్చుకుంటున్నారా, తప్పించుకుంటున్నారా అని అడిగారు. రెండూ అయ్యుంటాయి. మన ఇళ్లలో భార్య సామర్థ్యాన్ని పొగడడం పని ఆమె మీద వదిలేయడానికి మర్యాదైన దారి. మీకు కృతజ్ఞత కరువైందని మీరు దిగులు పడుతున్నారు గానీ, ఈ మొత్తం వ్యవహారంలో కృతజ్ఞత బాకీ పడ్డ మనిషి మియాపూర్‌లో ఉన్నారు. ఆ బాకీ మాటలతో తీరదు, పనితో తీరుతుంది. బదిలీ మీద వెళ్లే బ్యాంకు అధికారులకి జాయినింగ్ టైమ్ అని ఉంటుంది. అది వాడుకున్నారా, ఇంకేమైనా మిగిలిందా అని అడగండి. లేకపోతే లారీ ఎక్కించే రోజుకి మామూలు సెలవు పెట్టి రావాలి. అక్కడుండి చేయగలిగినవి చాలా ఉన్నాయి. పిల్లల బడికి వెళ్లి మాట్లాడడం, అత్తగారికి ఇంటికి దగ్గర్లో డాక్టరుని చూసిపెట్టడం, గీజరు పనిచేస్తోందో లేదో తిప్పి చూడడం, ఇంటర్నెట్ పెట్టించడం. మీరిక్కడ సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగిస్తే ఏజెన్సీవాళ్లు డిపాజిట్ వెనక్కిచ్చి వోచరు ఇస్తారు. దాంతో అక్కడ అదే కంపెనీ ఏజెన్సీలో కనెక్షన్ తీసుకోవాలి. ఆ ఏజెన్సీ ఎక్కడుందో కనుక్కోవడం ఆయన పని. కనెక్షన్ రావడం ఆలస్యమైతే పాలు పొంగించడానికి ఇండక్షన్ స్టవ్వు చాలు, అత్తగారు ఒప్పుకుంటే.

వెళ్లి కుదురుకున్నాక కూడా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా దాన్ని ‘నా బుద్ధిలో లోపం’ అనుకుంటూ నెలలు గడపొద్దు. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు.

ఇవాళ రాత్రి ఆయన ఫోన్ చేసి ‘ఎంతవరకు వచ్చింది?’ అనగానే పెట్టెల లెక్క చెప్పకండి. ముందు గ్యాస్ ఏజెన్సీ సంగతి అడగండి.